ఝాన్సీగారి బీపీ

తెనాలి,
16 జూన్ 2025

ఝాన్సీ వదినగారికి నమస్కారాలు.

ఇంట్లో మూడు ఫోన్లు పెట్టుకుని ఈవిడ ఉత్తరం రాస్తోందేమిటని మీరు ఆశ్చర్యపోతారు. ఏం చెయ్యమంటారు? ఫోన్ చేస్తే మా వారు పక్కకి చేరి "స్పీకరు పెట్టు, నేనూ వింటా" అంటారు. వాట్సాప్‌లో పెడితే మీకంటే ముందు మాధురి చూసేస్తుంది. కోడలి సంగతి కోడలికి తెలియకుండా వియ్యపురాలితో మాట్లాడాలంటే ఈ కాలంలో పోస్టాఫీసే దిక్కు.

మీరు మాధురిని పురిటికి తీసుకువెళ్ళినప్పుడు పెట్టిన చలిమిడి వీధి వీధంతా మెచ్చుకుంది. అంతవరకూ సంతోషమే. కానీ నిన్న ఆదివారం రేపల్లె నుంచి మా పెద్దాడు కార్తీక్ వచ్చాడు. బ్యాంకు కబుర్లన్నీ చెప్పి, మాటల్లో మాటగా, మాధురికి పరీక్షలన్నీ బాపట్ల ప్రభుత్వాసుపత్రిలో చేయిస్తున్నారనీ, కాన్పు కూడా అక్కడేననీ అన్నాడు. నా చేతిలో అట్లకాడ జారి పడింది.

వదినా, మనకేం తక్కువ? పప్పు మిల్లు నడుస్తోంది. మీ ఇంట్లో ఇద్దరికీ పింఛను వస్తోంది. మా వంశంలో ఇంతవరకు ధర్మాసుపత్రి గడప తొక్కినవాళ్ళు లేరు. మా అత్తగారు పోయేటప్పుడు కూడా ఏసీ గదిలోనే పోయారు. రేపు పసిబిడ్డని చూడ్డానికి చుట్టాలు వస్తే ఆ వరండాల్లో ఎక్కడ నిలబెడతాం? "బసవేశ్వరరావుగారి మిల్లు మునిగిందంట, కోడలికి ధర్మాసుపత్రిలో పురుడు పోశారు" అంటారు. తెనాలిలో పుకారు పుడితే మర్నాటికి గుంటూరులో ఉంటుంది.

ఇంకో మాట. మా పురోహితుడుగారు సెప్టెంబరులో మంచి ముహూర్తాలు చూసి పెట్టారు. ఇక్కడ మాకు తెలిసిన నర్సింగ్‌హోమ్ ఉంది. డాక్టరుగారు మనం ఏ గంటకి అంటే ఆ గంటకి ఆపరేషన్ చేసి బిడ్డని తీస్తారు. గదిలో టీవీ కూడా ఉంది. మీరు ఊఁ అంటే కారు పంపుతాను.

మాగాయ పంపుతున్నాను. మా ఇంట్లో ఉప్పు ఓ పిడికెడు ముందుంటుంది, ఏమీ అనుకోకండి.

మీ మేలు కోరే
వసుంధర

*

బాపట్ల,
24 జూన్ 2025

వసుంధర వదినగారూ,

మీ ఉత్తరం మాధురి కంట పడకుండా బియ్యం డబ్బాలో దాచి, ఇంట్లో అందరూ పడుకున్నాక చదువుకున్నాను. పెళ్ళికి ముందు కూడా నేనిలా ఉత్తరాలు దాచుకోలేదు. మాగాయ చాలా బాగుంది కానీ సూర్యలంక సముద్రంలో సగం ఉప్పు అందులోనే ఉంది.

ఇక అసలు సంగతి. తొలి కాన్పు పుట్టింటివారిది. ఈ ఆచారం నేను పెట్టింది కాదు. కాబట్టి ఎక్కడ అన్నది మేం తేల్చుకోవాలి. మేం అంటే మాధురి. రేపల్లెలో ఉండగానే అక్కడి ప్రభుత్వాసుపత్రిలో పేరు రాయించుకుంది. నేను ఒక్క మాట అనలేదు. "అమ్మా, మా సర్కారు బడికి పిల్లల్ని పంపండని ఎండలో ఇల్లిల్లూ తిరుగుతాను. నా బిడ్డని కనడానికి మాత్రం నేను ప్రైవేటుకి పోతే ఏం బాగుంటది?" అని అదే నన్ను అడిగింది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ని, నాకే పాఠం చెప్పింది. ఆ మాటకొస్తే మాధురి పుట్టింది కూడా ప్రభుత్వాసుపత్రిలోనే. పెళ్ళిచూపుల్లో ఏమైనా లోపం కనబడిందా మీకు?

ధర్మాసుపత్రి అన్నారు. ధర్మం చేస్తున్నది ఎవరు వదినా? మీ మిల్లు కట్టే పన్నూ, నా పింఛను మీద పడే పన్నూ, చుండూరు పొలాల్లో నాట్లు వేసే మనిషి సబ్బు కొన్నప్పుడు కట్టే పన్నూ కలిస్తేనే ఆ గోడలు లేచాయి. ఒంట్లో బాగోలేని మనిషిని చూడడం ప్రభుత్వం చేసే దానం కాదు. బడి నడపడం, రోడ్డు వెయ్యడం ఎలాగో ఇదీ అలాగే, దాని పని.

ముహూర్తం సంగతి. ఎప్పుడు రావాలో బిడ్డకి తెలుసు. పంచాంగం చూసి కడుపు కోయించుకోవడానికి ఇది గృహప్రవేశం కాదు. అవసరమైతే ఇక్కడా ఆపరేషన్ చేస్తారు. ఆ అవసరం డాక్టరమ్మ చూస్తుంది.

ఒక్కసారి వచ్చి మీ కళ్ళతో చూసి వెళ్ళండి. ఆ తరవాత ఎన్ని తిట్లు తిట్టినా పడతాను.

ఉంటాను,
ఝాన్సీ

*

తెనాలి,
7 జూలై 2025

వదినగారూ,

నేను రాను గాక రాను. ఆ గడప తొక్కేది లేదు. ఇందులో రెండో మాట లేదు.

మీరు పాఠం చెప్పినట్టు రాశారు కాబట్టి నేనూ ఒక ప్రశ్న అడుగుతాను. మనకి స్థోమత ఉంది. లేనివాళ్ళ కోసం పెట్టిన మంచం మీద మనం వెళ్ళి పడుకుంటే అది పాపం కాదా? అన్నదాన సత్రంలో కలిగినవాళ్ళు వెళ్ళి మొదటి బంతిలో కూర్చున్నట్టు ఉండదూ? దీనికి జవాబు రాయండి, హెడ్‌మిస్ట్రెస్‌గారూ.

ఇక్కడ అంతా మామూలే. మినుములు బాగా దిగాయి, మా వారికి మిల్లులో ఊపిరాడడం లేదు. చిన్నాడు కిరీటి కొత్త మోటారుసైకిలు కావాలని అలిగి రెండు పూటలు అన్నం మానేసి, మూడో పూట బిర్యానీ తెప్పించుకున్నాడు. నేను శనివారం పొన్నూరు ఆంజనేయస్వామి దర్శనానికి వెళ్ళొచ్చాను. దర్శనం బాగా జరిగింది. ఎండదెబ్బో ఏమో మెడ పట్టేసింది, తల దిమ్ముగా ఉంటోంది. దిండు మార్చాను, తగ్గిపోతుంది.

మాధురిని వేళకి తినమనండి. రోజూ సాయంత్రం కాసేపు నడిపించండి. అక్కడ అందరికీ అదే చెబుతారట.

వసుంధర

*

బాపట్ల,
22 జూలై 2025

వదినగారూ,

ముందు మీ ప్రశ్న. మంచి ప్రశ్నే, పూర్తి మార్కులు. రెండు రోజులు ఆలోచించాను. నేను చూసింది చెబుతాను. మా బళ్ళో పిల్లల్ని చదివించుకునే రోజుల్లో ఊళ్ళో నోరున్నవాళ్ళు మాస్టారు ఒక పూట రాకపోతే గేటు దగ్గరికి వచ్చి నిలదీసేవాళ్ళు. తరవాత వాళ్ళ పిల్లలు కాన్వెంటు బస్సులెక్కారు. గేటు దగ్గర అడిగే మనిషి లేడు. మిగిలినవాళ్ళు ఏది పెడితే అది తిన్నారు. ఆసుపత్రయినా అంతే. నోరున్నవాళ్ళు కూడా అదే వరసలో నిలబడితేనే ఆ వరస బాగుపడుతుంది. మంచం చాలకపోతే ఇంకో మంచం వెయ్యమని అడగాలి గానీ లేచి వెళ్ళిపోకూడదు.

ఇప్పుడు ఒక తమాషా. పోయినవారం మా వార్డు సచివాలయం నర్సు దీవెన అని కొత్తగా వచ్చిన అమ్మాయి మా తలుపు కొట్టింది.

"ఝాన్సీగారంటే మీరేనాండీ? అయిదో తారీకు ఆసుపత్రిలో బీపీ చూపించుకున్నారు కదండీ. నూట ఎనభై ఉందండీ! వారానికి మాత్రలిచ్చి మళ్ళీ రమ్మంటే రాలేదేంటండి?"

"నేను రాలేదమ్మా. నాకు బీపీ లేదు," అన్నాను.

"అందరూ అదే అంటారండీ," అంది, నవ్వుతూనే. పేరు నాదే. వీధి మాదే. ఫోన్ నంబరు కూడా నాదే. ఎవరో వేరే ఝాన్సీ అయి ఉంటుంది, కలగాపులగం చేశారన్నాను. వినదే! తలుపు దగ్గరే నిలబడి ఉప్పు గురించి పావుగంట చెప్పింది. నాకు! పిల్లలకి ఆరోగ్యసూత్రాలు వల్లె వేయించినదాన్ని!

మొన్న మళ్ళీ వచ్చింది. నేను బజారుకి వెళ్ళాను. మా ఆయనకి అప్పజెప్పి పోయింది. వ్యవసాయ కళాశాలలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసిన మనిషి కదా, కాగితం మీద ఉంటే ఆయనకి అదే నిజం. "నువ్వు నా దగ్గర దాస్తున్నావు," అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మీ మాగాయ జాడీ అటకెక్కింది. మూడు రోజులుగా ఇంట్లో చప్పిడి కూరలు. మాధురి పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

మీ మెడ నొప్పి ఎలా ఉంది? దిండుతో పోతే సరే, లేకపోతే ఎవరికైనా చూపించుకోండి.

బీపీ లేని
ఝాన్సీ

*

తెనాలి,
29 జూలై 2025

వదినా,

మీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. నూట ఎనభై అంటే అంత ప్రమాదమా? ఉప్పు మానేస్తే సరిపోదా? ఆ మాత్రలు ఒకసారి మొదలుపెడితే జన్మంతా మింగాలంటారు, నిజమేనా? వేసుకోకపోతే ఏమవుతుందని ఆ దీవెన చెప్పింది? నాకోసం కాదు. మా ఎదురింటావిడ అడుగుతోంది.

పొరపాటు పడ్డారని మీరు అంత తేలిగ్గా కొట్టిపారెయ్యకండి. ఆ వరండా చివర వేపచెట్టు కిటికీ పక్కన కూర్చునే నర్సు చాలా నెమ్మదస్తురాలు, రెండుసార్లు చూసి గానీ రాసుకోదు. అయితే మీకు బీపీ ఉందనీ కాదు. మీరు నిశ్చింతగా ఉండండి. నేనేం రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

మీ ఉత్తరం దాచబోతుంటే మా వారి కంట పడింది. "ఝాన్సీ చెల్లెమ్మకి అంత బీపీయా!" అని కంగారుపడ్డారు. నేను ఏదో సర్ది చెప్పాను. సరిగ్గా చెప్పలేదేమో.

పోనీలెండి, అంతా ఆ స్వామి చూసుకుంటాడు.

వసుంధర

*

బాపట్ల,
9 ఆగస్టు 2025

శ్రీమతి వసుంధర గారికి,

మీ ఇంటి నుంచి మూడు పళ్ళబుట్టలు అందాయి. ఒకటి అన్నయ్యగారు పంపినది, ఒకటి కిరీటి తెచ్చినది, ఇంకొకటి మీ ఆడపడుచుగారు పంపినది. ఆమె చీటీలో "త్వరగా కోలుకోవాలి" అని రాశారు. నాకు జలుబు కూడా లేదు.

నిన్న అన్నయ్యగారు ఫోన్ చేశారు. "చెల్లెమ్మా, నీకే ఒంట్లో బాగోలేదు. నిండు గర్భిణిని నువ్వేం చూసుకోగలవు? శుక్రవారం కారు పంపుతున్నాం. మాధురిని తెనాలి తీసుకొచ్చేస్తాం. నర్సింగ్‌హోమ్‌లో గది కూడా మాట్లాడేశాను," అన్నారు. ఎంత ప్రేమగా అన్నారో చెప్పలేను. ఆయన్ని ఏమనగలను? మా ఆయన పక్కన నిలబడి "అదే మంచిది" అన్నారు. మాధురి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఇన్నాళ్ళూ నవ్విన పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక నాకిక నవ్వులాట లేదు.

వేరే ఝాన్సీ ఎవరా అని ఊరంతా వాకబు చేశాను. మా పేటలో ఝాన్సీని నేనొక్కదాన్నే. అంటే ఎవరో కావాలని నా పేరు చెప్పారు. మీరు గత ఉత్తరంలో బీపీ గురించి అన్ని ప్రశ్నలెందుకు వేశారో ఇప్పుడు అర్థమైంది. నాకు జబ్బు అంటగడితే మాధురి మీ దగ్గరికి వస్తుందని మీకు ముందే తెలుసు. వాదించి గెలిచి ఉంటే మెచ్చుకునేదాన్ని. ఇలా గెలుస్తారని అనుకోలేదు.

ఝాన్సీ

*

తెనాలి,
11 ఆగస్టు 2025

వదినా,

మీరు నన్ను శ్రీమతి అన్నారు. పదహారు నెలల వియ్యంలో మీరు నన్ను కొట్టిన దెబ్బ ఇదొక్కటే, బాగా తగిలింది. తగలాల్సిందే. కానీ మీరు అనుకున్నది తప్పు. జరిగింది అంతకంటే సిగ్గుమాలిన పని. కూర్చుని చదవండి.

ఆ శనివారం నేను పొన్నూరు వెళ్ళలేదు. బయల్దేరాను, కానీ రైలు పొన్నూరులో ఆగితే దిగలేదు. బాపట్లలో దిగాను. మీ కళ్ళతో చూసుకోండి అన్నారు కదా, చూద్దామనే వచ్చాను. చూసి, మంచాల కింద దుమ్మూ, గోడల మీద మరకలూ లెక్కపెట్టి, మీకు నాలుగు పేజీల ఉత్తరం రాసి నోరు మూయించాలని. ముఖానికి మాస్కు, దానిమీద కొంగు. తెలిసినవాళ్ళు చూస్తే మిల్లు పరువు ఏమవుతుందని.

ఊరికే తిరిగితే అనుమానపడతారని వరసలో నిలబడ్డాను. నా ముందు సూర్యలంక నుంచి వచ్చిన చేపలమ్మే ఆవిడ ఉంది. నన్ను చూసి, "అమ్మా, నీ మొకం ఏంటి అట్టా ఎర్రబడింది? నువ్వు కూసో, నీ వరస నే చూత్తాలే," అని తన చోటు ఇచ్చింది. ఏసీ గదుల ముందు ఎన్నిసార్లు కూర్చోలేదు నేను, ఎవరైనా లేచి చోటిచ్చారా?

నా వంతు వచ్చింది. "పేరేంటండి?" అని అడిగింది చీటీలు రాసే అమ్మాయి. వసుంధర అని చెప్పడానికి నోరు రాలేదు వదినా. మా మామగారి పేరు చెప్పి ఊళ్ళో అప్పు పుట్టించుకోవచ్చు అంటారే, ఆ ఇంటి కోడలు ధర్మాసుపత్రి వరసలో. నోటికి వచ్చింది మీ పేరు. ఆధార్ మర్చిపోయానంటే వీధి, ఫోన్ నంబరు అడిగింది. బాపట్లలో నాకు కంఠతా వచ్చినవి మీవే. మీకైతే అందులో సిగ్గు లేదు కదా, మీ పేరు అక్కడ ఉంటే తప్పేముందని కూడా అనుకున్నాను. దొంగకి తర్కానికేం తక్కువ.

చేతికి పట్టీ కట్టి చూసింది నర్సు. మళ్ళీ చూసింది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మాత్ర వేయించి, పడుకోమన్నారు. తగ్గేదాకా కదలనివ్వలేదు. నేను పడుకున్న మంచం కింద దుమ్ము లేదు. ఆ సంగతి మీకు రాయడం ఇష్టం లేక రాయలేదు. వారం మాత్రలు చేతిలో పెట్టి, మళ్ళీ రండి అన్నారు. ఊరికే ఇచ్చిన మందు ఏం పనిచేస్తుందిలే అనుకుని ఇంటికొచ్చి ఇంగువ డబ్బాలో దాచాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

నా మెడ నొప్పి దిండుది కాదు వదినా. నాకు భయంగా ఉంది.

మీ పేరు మీద నా బీపీ తిరుగుతుంటే, దాని వల్ల నేను అడిగిందే నా ఒళ్ళోకి వచ్చి పడింది. కారు, నర్సింగ్‌హోమ్, ముహూర్తం, అన్నీ. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. మీ ఉత్తరం వచ్చేదాకా ఊరుకున్నాను కూడా. మాధురి ఏడ్చిందన్న ముక్క దగ్గర ఆగిపోయాను. ఆ పిల్ల నన్ను అత్తయ్యా అని ఒక్కసారి కూడా అనలేదు, పెళ్ళినాటి నుంచీ అమ్మా అనే పిలిచింది.

ఇందాక మా వారికి అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. లేచి వెళ్ళి ఊరగాయ జాడీలన్నీ వరసగా అటకెక్కించారు. తరవాత వచ్చి నా పక్కన కూర్చుని, "నీకేమన్నా అయితే ఈ మిల్లు పరువు నేనేం చేసుకోను?" అన్నారు. కారు రాదు. మాధురి మీ దగ్గరే ఉంటుంది, తను కోరుకున్న చోటే కంటుంది. 

నన్ను మళ్ళీ వదినా అని పిలవడం మీ దయ.

వసుంధర

*

బాపట్ల,
11 ఆగస్టు 2025

వదినా,

మొన్నటి ఉత్తరం చింపి అవతల పారెయ్యండి. ఇది మాత్రం వెంటనే చదవండి. ఫోన్ చేస్తే అన్నయ్యగారు వింటారు, మీరు నిజం చెప్పరు. అందుకే స్పీడ్‌పోస్టులో పంపుతున్నాను.

ఈవేళ దీవెన మళ్ళీ వచ్చింది. ఈసారి నేనే చెయ్యి చాపి, చూడు తల్లీ అన్నాను. నూట ఇరవై, ఎనభై. ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను. మొహం పాలిపోయింది.

"మరి ఆ నూట ఎనభై ఎవరిదండీ? ఆవిడెవరో మందు లేకుండా తిరుగుతుందండీ. ఎక్కడని ఎతకను?" అంది. నా మీద కోపం లేదు, తప్పుడు పేరు చెప్పిన మనిషి మీదా కోపం లేదు. ఆ మనిషి ఏమైపోతుందోనన్న బెంగ ఒక్కటే.

ఎలా ఉంటుందమ్మా అని అడిగితే ఆసుపత్రి నర్సుకి ఫోన్ చేసి కనుక్కుంది. ఎర్రంచు వెంకటగిరి చీరట. మాస్కు మీద కొంగట. పడుకోబెడితే వంగి మంచం కింద చూసిందట. వెళ్ళేటప్పుడు "దుప్పటి రోజూ మారుస్తారా?" అని అడిగిందట. ఆ చీర పెళ్ళిలో మేం పెట్టినది. అప్పుడు గుర్తొచ్చింది, మీ ఉత్తరంలో వరండా చివరి వేపచెట్టు కిటికీ.

కోపం ఎక్కడికి పోయిందో పోయింది. మా అమ్మ ఇలాగే మెడ నొప్పి, దిండు అంటూ ఉండి, ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తూ పడిపోయింది. మళ్ళీ మాట రాలేదు. ఆ రోజుల్లో వెతుక్కుంటూ వచ్చే దీవెనలు లేరు.

మీరు ఏ ఆసుపత్రికి వెళతారో నాకు అనవసరం. ఏసీ ఉన్నా సరే, టీవీ ఉన్నా సరే. ఈవేళే వెళ్ళండి. వాదన తరవాత చేసుకుందాం. దానికి మీరు ఉండాలి కదా.

మీ
ఝాన్సీ

*

బాపట్ల,
22 సెప్టెంబరు 2025

మనవరాలి నాయనమ్మగారికి,

మీరు వెళ్ళి నాలుగు రోజులే అయింది, ఇల్లు బోసిపోయింది. కళ్ళజోడు పెట్టె ఇక్కడే మర్చిపోయారు. పాప బాగుంది. మాధురి కుట్లూ గిట్లూ లేకుండా లేచి తిరుగుతోంది. ఆసుపత్రి బండిలో ఇంటి గుమ్మం ముందు దించి వెళ్ళిన సంగతి మా వీధిలో ఇంకా చెప్పుకుంటున్నారు.

మీ ముహూర్తాలన్నిటినీ కాదని, ఆదివారం సాయంత్రం సరిగ్గా రాహుకాలంలో, మీరు రైలు దిగేలోపే వచ్చేసింది మనవరాలు. మీరు పంచాంగం తియ్యబోయి, పాప మొహం చూసి, మళ్ళీ సంచిలో పెట్టేశారు. నేను చూశాను.

మీరు చూడని ముక్క ఒకటి చెబుతాను. మీరు పక్క మంచం మీద సూర్యలంక పిల్లకి కారియరు విప్పి అన్నం పెడుతున్నప్పుడు దీవెన గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఈవిడేనాండీ నా నూట ఎనభై?" అని గుసగుసగా అడిగింది. అవునన్నాను. ఆ పిల్ల పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. మీ దగ్గరికి వచ్చి ఏమీ ఎరగనట్టు చెయ్యి చాపమంది కదా, అప్పుడు నూట నలభైకి దిగింది కదా, ఆ సాయంత్రమంతా ఆసుపత్రిలో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది.

అన్నీ బాగున్నాయని నేనూ అనను. సాయంత్రం చూడ్డానికి వచ్చినవాళ్ళ రద్దీకి నిలబడే చోటు లేదని మీరు డాక్టరమ్మతో పోట్లాడారు. చాలా బాగా పోట్లాడారు. నాకు నోరున్నవాళ్ళని వరసలో పెట్టడమే వచ్చు, మీలా పోట్లాడడం రాదు.

మాత్రలు వేసుకుంటున్నారా?

మీ
ఝాన్సీ వదిన

*

తెనాలి,
12 అక్టోబరు 2025

వదినా,

మాత్రలు వేసుకుంటున్నాను. ఇంగువ వాసన లేనివి. మా వారు రోజూ పొద్దున నీళ్ళ గ్లాసుతో ఎదురుగా నిలబడి, మింగేదాకా కదలరు. కూరల్లో ఉప్పు ఎంత తగ్గిందంటే, కిరీటి మళ్ళీ అలిగాడు. ఈసారి బిర్యానీ తెప్పించనివ్వలేదు.

ఒక అనుమతి కావాలి. మీ పేరు ఒకసారి అడక్కుండా వాడుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. పాపకి ఝాన్సీ లిఖిత అని పెడదామని మా వారూ నేనూ అనుకున్నాం. కార్తీక్ రేపల్లె నుంచి ఫోన్‌లో సరేనన్నాడు, మాధురి ఎగిరి గంతేసింది. మీరు కాదంటే మాత్రం ఈసారి నేను శ్రీమతి ఝాన్సీ గారు అని రాయాల్సి వస్తుంది.

ఇక నిన్నటి సంగతి. మీ స్పీడ్‌పోస్టు అందిన రోజే ఇక్కడి డాక్టరుకి చూపించుకుని తెచ్చుకున్న మాత్రలు అయిపోవచ్చాయి. మా పేటలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉందని ఇన్నేళ్ళుగా తెలుసు గానీ ఆ సందులోకి ఎప్పుడూ తిరగలేదు. మా వారు కారు తీస్తానన్నారు. వద్దని నడిచే వెళ్ళాను. మాస్కు లేదు, కొంగు భుజం మీదే ఉంది. వరసలో మా మిల్లులో పప్పు చెరిగే యలమంద భార్య ఉంది. నన్ను చూసి కంగారుపడి, "అయ్యో అమ్మగారూ, మీరిక్కడేంటండి? మిల్లుకేమన్నా అయిందాండీ?" అని చెవిలో అడిగింది. నేను భయపడిన మాట అదే కదా, ఇన్నాళ్ళూ. తీరా వినేసరికి నవ్వొచ్చింది. "మిల్లుకేం కాలేదే, నాకే బీపీ. నీకేంటి?" అన్నాను. తనకీ బీపీయేనట. ఇద్దరం ఉప్పు గురించి చెప్పుకుంటూ నిలబడ్డాం. దీవెన మీకు పావుగంట చెప్పిన పాఠం నేను తనకి అరగంట చెప్పాను.

నా వంతు వచ్చింది. బల్ల దగ్గర అమ్మాయి తలెత్తకుండానే "పేరండీ?" అంది.

"వసుంధర," అన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో, వెనక నలుగురు తిరిగి చూశారు. ఇంటి నంబరు చెప్పాను, వీధి చెప్పాను, నా ఫోన్ నంబరు చెప్పాను. ఆధార్ కూడా తీసి ముందు పెట్టాను. అన్నీ రాసుకుని, మళ్ళీ నెల రమ్మంది.

నేను కదల్లేదు. "ఇంకేంటండి?" అంది.

"ఏం లేదమ్మా. ఒకవేళ నేను రాకపోతే, మా ఇంటికి వెతుక్కుంటూ వస్తారు కదా?" అని అడిగాను.

"తప్పకుండా వస్తామండి," అంది ఆ అమ్మాయి.

అప్పుడు ఇంటికొచ్చాను.

మీ
వసుంధర